బడి లైబ్రేరియన్ చదువులో బడి ఎందుకు లేదు?

పాఠశాలలో లైబ్రేరియన్ కావాలంటే మన దగ్గర ఉన్న దారి దాదాపు ఒకటే. ఏదో ఒక డిగ్రీ, దాని మీద ఏడాది బీఎల్ఐఎస్సీ, అంటే గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ. తెలంగాణ గురుకులాల పోస్టుకు అడిగేది అదే. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు డిగ్రీతో పాటు లైబ్రరీ సైన్స్‌లో ఏడాది డిప్లొమా ఉన్నా చాలంటాయి. ఆ ఏడాదిలో విద్యార్థి పుస్తకాలకు విషయాన్ని బట్టి వర్గీకరణ సంఖ్యలు కట్టడం నేర్చుకుంటాడు, కేటలాగు కార్డు రాయడం నేర్చుకుంటాడు, గ్రంథాలయ చట్టాల సంవత్సరాలు కంఠతా పడతాడు. కూడబలుక్కుని చదివే ఆరో తరగతి పిల్లకు ఏ పుస్తకం ఇవ్వాలో, ఏది ఇస్తే మళ్లీ లైబ్రరీ గడప తొక్కదో మాత్రం ఏ పేపర్లోనూ ఉండదు. ఈ కొరత నిన్నమొన్నటిది కాదు. ఈ చదువును ఎవరు, ఏ పని కోసం తయారు చేశారో చూస్తే దాని మూలం తెలుస్తుంది.

దేశంలో గ్రంథాలయ శిక్షణ 1911లో బరోడాలో మొదలైంది. మహారాజు సయాజీరావు గైక్వాడ్ అమెరికా నుంచి పిలిపించిన విలియం అలాన్సన్ బోర్డెన్ ఆ తరగతి నడిపాడు. 1915లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం మరో అమెరికన్ని, ఆసా డాన్ డికిన్సన్‌ని రప్పించుకుంది. అప్పటికే గ్రంథాలయాల్లో ఉన్నవాళ్లకు, కొత్తగా పెడుతున్న గ్రంథాలయాలకు మనుషులను సిద్ధం చేయడమే ఆ తరగతుల లక్ష్యం.

తెలుగునాట దారి వేరు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకట రమణయ్య వంటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే పనిలో ఉన్నారు. వాళ్లకు కావలసింది జీతగాడు కాదు, కార్యకర్త. అందుకే సంఘం నడిపిన తొలి శిక్షణ తరగతులు కొద్దికాలపువి. పుస్తకాల జాబితా రాయడం, చందాలు వసూలు చేయడం, పత్రికలు చదివి వినిపించడం వంటి పనులకు పనికొచ్చే శిక్షణ అది. తర్వాతి కాలంలో సంఘం విజయవాడ సర్వోత్తమ భవనంలో నడిపిన సర్టిఫికెట్ కోర్సుకు వేరు అక్కడే ఉంది. ఈ ధోరణిలో చదవలేని పెద్దవాళ్లకు చోటుంది, ఊరి రచ్చబండకు చోటుంది. బడి పిల్లలకు విడిగా చోటు లేదు. వాళ్ల సంగతి బడి చూసుకుంటుందని అనుకున్నారు.

మద్రాసులో బడికి దగ్గరగా వెళ్లే అవకాశం ఒకటి వచ్చి చేజారింది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ లండన్ వెళ్లి చదువుకుని 1925లో తిరిగొచ్చాడు. ఇప్పుడు లైబ్రేరియన్ పోస్టుల ప్రతి పోటీ పరీక్షలోనూ అడిగే గ్రంథాలయ శాస్త్ర అయిదు సూత్రాలను ఆయన మొదట బయటపెట్టింది 1928 డిసెంబరులో అణ్ణామలైనగర్‌లో. సందర్భం రాష్ట్ర విద్యా మహాసభ, అంటే బడి చదువుల వాళ్లు కూడిన చోటు. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం వేసవి శిక్షణ మొదలుపెట్టింది. 1931లో దాన్ని విశ్వవిద్యాలయం తీసుకుంది. 1937లో అదే పట్టభద్రులకు ఏడాది డిప్లొమా అయింది. మధ్యలో 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో డిప్లొమా మొదలుపెట్టింది. 1940లలో బెనారస్, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ ఆ బాట పట్టాయి. ఉస్మానియాలో 1959లో లైబ్రరీ సైన్స్ శాఖ వచ్చింది.

శిక్షణ విశ్వవిద్యాలయం చేతికి వెళ్లగానే దానికి నమూనా కూడా విశ్వవిద్యాలయ గ్రంథాలయమే అయింది. అక్కడి చిక్కు వేలకొద్దీ పుస్తకాలను ఏ వరుసలో పెట్టాలి, కావలసింది రెండు నిమిషాల్లో ఎలా తీయాలి అన్నది. దానికి జవాబుగా రంగనాథన్ నుంచి 1933లో కోలన్ వర్గీకరణ అనే పద్ధతి, 1934లో వర్గీకృత కేటలాగు నియమావళి వచ్చాయి. కోర్సులో సగానికి సగం వీటి చుట్టూనే అల్లుకుంది. రంగనాథన్ బడిని మరిచిపోలేదు. 1942లో పాఠశాల, కళాశాల గ్రంథాలయాల మీద ప్రత్యేకంగా పుస్తకమే రాశాడు. కానీ పుస్తకం వేరు, పరీక్ష పేపరు వేరు. డిప్లొమాల్లో బడి గ్రంథాలయం ‘గ్రంథాలయాల రకాలు’ అనే పాఠంలో ఒక ఉపశీర్షికగా మిగిలిపోయింది. నేటికీ చాలా సిలబస్‌లలో దాని స్థానం అదే.

సిఫార్సు ఉంది, పోస్టు లేదు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ విషయాన్ని సూటిగా చెప్పింది మొదలియార్ కమిషన్. డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన ఆ మాధ్యమిక విద్యా కమిషన్ బడి గ్రంథాలయాల గురించి రాసిన పేరా ఇప్పుడు చదివినా పాతబడినట్టు ఉండదు. పుస్తకాలు పాతవి, పిల్లల ఇష్టంతో నిమిత్తం లేకుండా కొన్నవి, ఇరుకు గదిలో అల్మరాల్లో పడి ఉన్నవి. చూసుకునేది ఒక గుమాస్తా, లేదా పుస్తకం మీద ప్రేమగానీ గ్రంథాలయ పని మీద జ్ఞానంగానీ లేని ఒక టీచరు. దీనికి కమిషన్ రెండు మందులు చెప్పింది. ప్రతి మాధ్యమిక పాఠశాలకూ శిక్షణ పొందిన లైబ్రేరియన్ ఉండాలి. శిక్షణ కళాశాలల్లో ఉపాధ్యాయులందరికీ గ్రంథాలయ పని మూలసూత్రాలు నేర్పాలి. రెండోది ఖర్చు లేని మందు, అయినా దాన్నీ ఎవరూ మింగలేదు.

మొదటిది ఆగిపోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు, చట్టం తీరు కూడా. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాద్ చట్టం కలిసి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అయ్యాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు, జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు అన్నీ దాని కిందకు వచ్చాయి. ఆ సొమ్ము, ఆ పోస్టులు పౌర గ్రంథాలయాలవి. బడి గ్రంథాలయం దాని పరిధిలో లేదు. విచిత్రమేమిటంటే పౌర గ్రంథాలయ శాఖ ఉండేది పాఠశాల విద్యా శాఖ నీడలోనే. ఒకే గొడుగు కింద ఉన్నా ఒకదానికి సెస్సూ సిబ్బందీ దక్కాయి, ఇంకోదానికి అల్మరా దక్కింది.

పోస్టు లేకపోతే కోర్సుకు గిరాకీ ఉండదు. గిరాకీ లేని కోర్సును ఏ విశ్వవిద్యాలయమూ తయారు చేయదు. డిగ్రీ తీసుకున్నవాళ్లు జూనియర్ కళాశాలలు, డిగ్రీ కళాశాలలు, జిల్లా గ్రంథాలయాల వైపు చూశారు, సిలబస్ కూడా అటే చూసింది. ఆ తర్వాత వచ్చిన పథకాలు ఈ ముడిని విప్పలేదు. 1987 ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రాథమిక పాఠశాలలకు పుస్తకాలు పంపింది, మనిషిని పంపలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ దినపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలంది. లైబ్రేరియన్ అన్న మాట అందులో లేదు. కాబట్టి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఎక్కువచోట్ల ‘లైబ్రరీ ఇన్‌చార్జి’ అన్న అదనపు బరువు ఏదో ఒక టీచరు, తరచుగా తెలుగు టీచరు, మోస్తున్నారు.

పోస్టు నిజంగా ఉన్నది కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో, గురుకులాల్లో. కేంద్రీయ విద్యాలయ లైబ్రేరియన్‌కు టీజీటీతో (ఉన్నత పాఠశాల తరగతుల టీచరుతో) సమానంగా లెవెల్ 7 జీతం, అంటే 44,900 మూల వేతనంతో మొదలు. తెలంగాణ గురుకుల బోర్డు 2023 నోటిఫికేషన్లలో పాఠశాల లైబ్రేరియన్ పోస్టులు 434 చూపించింది. సీబీఎస్‌ఈ గుర్తింపు అడిగే ప్రైవేటు బడికీ గ్రంథాలయం తప్పనిసరి. గది కొలత 14 మీటర్లు, 8 మీటర్లు అని నియమంలోనే ఉంది.

ఆ ఏడాదిలో చెప్పేది, బీరువా ముందు ఎదురయ్యేది

బీఎల్ఐఎస్సీ రెండు సెమిస్టర్లు. గ్రంథాలయం-సమాజం, నిర్వహణ, వర్గీకరణ సిద్ధాంతం, కేటలాగు సిద్ధాంతం, సమాచార వనరులు-సేవలు, కంప్యూటరు, పైగా వర్గీకరణకూ కేటలాగుకూ విడిగా ప్రాక్టికల్. పేర్లు అటూ ఇటూ మారినా అస్థిపంజరం ఇదే. తెలుగువాళ్లలో చాలామంది దీన్ని దూరవిద్యలోనే చేశారు, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారానో ఇగ్నో ద్వారానో. దూరవిద్యలో చిక్కు వచ్చేది ప్రాక్టికల్ దగ్గరే. విషయాలకు దశాంశ సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణ పూర్తి సెట్టు నాలుగు సంపుటాలు, ఖరీదైనది, ఇంట్లో ఎవరికీ ఉండదు. సంప్రదింపు తరగతుల కొద్ది రోజుల్లో దాన్ని తిప్పడం రావాలి. అందుకే అభ్యాసం చేసేవాళ్లు ముందుగా పట్టు సాధించవలసింది షెడ్యూళ్ల (సంఖ్యల వరుస పట్టికల) మీద కాదు, చివరి సంపుటంలోని సాపేక్ష సూచిక (విషయాల అక్షరక్రమ పట్టిక) మీద. అయితే సూచికలో దొరికిన సంఖ్యను షెడ్యూలులో సరిచూడకుండా రాసేయడం పరీక్షలో మార్కులు పోయే మొదటి చోటు.

ఇక బడిలో అడుగుపెట్టాక ఏమవుతుందో చూద్దాం. డ్యూయీలో తెలుగు సాహిత్యం 894.827. కవిత్వానికి చివర 1, నాటకానికి 2, కథా నవలలకు 3. కోలన్‌లో తెలుగు కథాసాహిత్యం ఓ35,3. విశ్వవిద్యాలయంలో ఈ సంఖ్యలు బాగా పనిచేస్తాయి. బడిలో తెలుగు కథల పుస్తకాలన్నీ ఒకే 894.8273 కింద గుట్టపడతాయి, ఆరో తరగతి పిల్ల చదవగలిగేదీ పదో తరగతి వాళ్లదీ పక్కపక్కనే. ఇక జానపద కథలు డ్యూయీ లెక్కలో సాహిత్యమే కాదు. అవి సామాజిక శాస్త్రాల్లో 398.2. పేదరాశి పెద్దమ్మ కథ కావాలన్న పిల్ల పౌరశాస్త్రం అల్మరా దాటి వెళ్లాలి. కోర్సు నేర్పినట్టు తు.చ. తప్పకుండా పేర్చిన లైబ్రేరియన్ తప్పు చేసినట్టు కాదు, కానీ ఆ పిల్లకు పుస్తకం దొరకదు.

పనిచేసే పద్ధతి ఏమిటంటే సంఖ్యను రిజిస్టరులో, సాఫ్ట్‌వేర్‌లో ఉంచి, అరలను చదివే స్థాయి ప్రకారం పేర్చడం. పుస్తకం అంచున రంగు టేపు, నాలుగు స్థాయిలకు నాలుగు రంగులు. ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు స్థాయిని అట్ట మీదే వేస్తాయి కనుక వాటితో మొదలుపెట్టడం తేలిక. అట్ట మీది స్థాయి ఆ తరగతికి సరిపోతుందని నమ్మేయకూడదు. ఒక పేజీ పైకి చదివించి, అయిదారు మాటల దగ్గర ఆగితే కింది స్థాయి ఇవ్వాలి.

లేబులు సంగతీ అంతే. వెన్ను కింది అంచు నుంచి అంగుళం పైన అతికించాలని కోర్సు చెబుతుంది. పదహారు పేజీల పిన్నుల పుస్తకానికి వెన్నే ఉండదు. నిలబెడితే వంగిపోతుంది, వరుసలో పెడితే కనబడదు. అలాంటివాటికి లేబులు ముందు అట్ట ఎడమ పై మూలన వేసి, పుస్తకాన్ని ఏటవాలు ర్యాకులోనో గోడకు కట్టిన తాడు మీదో అట్ట కనబడేలా పెట్టాలి.

కేటలాగులో తెలుగు పేర్లు మరో తలనొప్పి. శ్రీశ్రీ అని రాయాలా, శ్రీరంగం శ్రీనివాసరావు అనా? నియమావళి ప్రకారం రచయిత ఏ పేరుతో ప్రసిద్ధుడో దాని కింద, రెండో పేరు నుంచి చూడుడు సూచన. ఇది కోర్సులో బాగానే చెబుతారు. చెప్పనిది ఫాంటు గొడవ. పాత కంప్యూటర్లలో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో టైపు చేసిన జాబితా ఈ-గ్రంథాలయ, కోహా వంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అక్షరాలు చెత్తగా మారతాయి, వెతికితే ఏదీ దొరకదు. ఎక్కించే ముందే యూనికోడ్‌కు మార్చి, వత్తులూ సున్నాలూ ఉన్న పేర్లు యాభై తీసుకుని కంటితో సరిచూడాలి.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది స్టాకు వెరిఫికేషన్, అంటే ఉన్న పుస్తకాల లెక్క చూసే తనిఖీ, అన్న భయం. పుస్తకం పోతే జీతంలోంచి కోస్తారని ఇన్‌చార్జి బీరువాకు తాళం వేస్తారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం దీని గురించి స్పష్టంగానే ఉంది. ఏడాదిలో ఇచ్చిన, చదివించిన ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు వరకు పోవడం సహజ నష్టమే, నిర్లక్ష్యమో అక్రమమో లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. 20 వేల లోపు సంపుటాలుంటే ఏటా పూర్తి లెక్క చూడాలి. ఈ అయిదు లెక్క చదవడానికి ఇచ్చిన పుస్తకాల సంఖ్య మీద ఆధారపడుతుంది కాబట్టి, ఎంత ఎక్కువగా ఇస్తే అంత నష్టం అనుమతిలో పడుతుంది. ఇష్యూ రిజిస్టరు ఖాళీగా ఉంచి తాళం వేసిన బీరువాలో పుస్తకం పోతే మాత్రం చెప్పుకునేందుకు ఏమీ ఉండదు. ఈ నియమం కేంద్ర సంస్థలది. అయినా బీఎల్ఐఎస్సీ నిర్వహణ పేపరులో ఇటువంటి లెక్క ఒకటి చేయిస్తే ఎన్నో బీరువాలు తెరుచుకుంటాయి.

పిల్లలతో పనిచేసే లైబ్రేరియన్ల కోసమే రూపొందిన కోర్సులు పూర్తిగా లేకపోలేదు. టాటా ట్రస్ట్స్ వారి పిల్లల పుస్తకాల కార్యక్రమం ‘పరాగ్’ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు అలాంటిది. పుస్తకం ఎంపిక, పైకి చదివి వినిపించడం, పుస్తకం మీద మాట్లాడించడం దాని కేంద్రం. కానీ ప్రభుత్వ నోటిఫికేషన్లలో అర్హతగా లెక్కకు వచ్చేది డిగ్రీ, డిప్లొమాలే. కనుక అందులో చేరేవాళ్లు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలవాళ్లు, అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు.

టీచర్ల చదువు సంగతి చూడండి. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నియమాల తర్వాత రెండేళ్ల బీఈడీ చేసే విద్యార్థి 20 వారాలు బడితో గడపాలి, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. అదే బడిలో టీజీటీ స్థాయి జీతానికి చేరే లైబ్రేరియన్ తన కోర్సులో పనిచూసేది సాధారణంగా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, లేదా ఏదైనా కళాశాలలో. ఒక తరగతికి వారానికి ఒక్క లైబ్రరీ పీరియడు వస్తే, ఆ నలభై నిమిషాల్లో నలభై మందికి పుస్తకాలు తీసుకుని, ఇచ్చి, ఒక కథ చదివి వినిపించే పని ఆయన మొదటిసారి చేసేది ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే.