ఆపరేషన్ నుంచి ఆవు దాకా

2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఒక ప్రకటన చేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయల డిపాజిట్, మగపిల్లాడు పుడితే ఆవు, తన జీతంలోంచి ఇస్తానన్నారు. ఆవు మాట విని నవ్వుకున్నవాళ్లు చాలామంది. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని మాత్రం నవ్వలేదు. "ఇద్దరైపోనారు, ఇంక ఆపరేసను సేయించుకోమని మా సుట్టూ తిరిగినోలే కదేటి" అంది.

పిన్ని జ్ఞాపకం తప్పు కాదు. మా వైపు ఒకావిడ "నాకు ఆపరేషన్ అయిపోయింది" అంటే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. ఆ ఒక్క మాట వెనకాల నూటయాభై ఏళ్లకు పైబడిన కథ ఉంది.

1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం గర్భస్రావం నేరం. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప మరే కారణమూ చెల్లదు. తనంతట తాను కడుపు తీయించుకున్న ఆడదీ దోషే. ఈ చట్టం ఎవరి మీద పడిందో తెలియాలంటే గురజాడ కన్యాశుల్కానికి రాసుకున్న ముందుమాట చూడాలి. విజయనగరం మహారాజు ఆనందగజపతి పురమాయిస్తే అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారైంది. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు. అయిదేళ్లకే పెళ్లయినవాళ్లు 99 మంది. ఏడాది వయసు పెళ్లికూతుళ్లు కూడా ముగ్గురున్నారు. ముసలి మొగుడు పోతే ఈ పిల్లలు జీవితాంతం వితంతువులే. వితంతువు కడుపుతో ఉండటం కులానికి అప్రతిష్ఠ, కడుపు తీయించుకుంటే శాస్త్రం ప్రకారం భ్రూణహత్య, చట్టం ప్రకారం జైలు. ఎటు పోయినా తప్పు ఆమెదే. ఆ కడుపుకి కారణమైన మగవాడి ఊసు ఎక్కడా లేదు.

గర్భం రాకుండా చూసుకోవడం మీద కూడా ధర్మం మాటే నడిచింది. 1935 డిసెంబరులో గర్భనిరోధం కోసం పోరాడిన అమెరికన్ మార్గరెట్ శాంగర్ వార్ధా వచ్చి గాంధీని కలిసింది. నిగ్రహం పాటించమన్నాడే గానీ సాధనాలకు ఆయన ఒప్పుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆరోగ్యమంత్రి అయిన రాజకుమారి అమృత్‌కౌర్ ఆయన శిష్యురాలే. అందుకే ప్రభుత్వం మొదట పట్టుకున్నది సురక్షిత దినాల పద్ధతిని. రంగుపూసల దండలిచ్చి, రోజుకో పూస జరుపుకుంటూ ఏ రోజు ఫరవాలేదో లెక్క చూసుకోమన్నారు. చీకటింట్లో, పగలంతా పొలంలో ఒళ్లు హూనమైన మనిషి పూసల రంగు చూసుకుంటుందా? ఆ ప్రయోగం నిలవలేదు.

1952లో కుటుంబ నియంత్రణ జాతీయ కార్యక్రమం అయింది. ఎర్ర త్రికోణం, నిరోధ్, "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" ఆ తర్వాత వచ్చాయి. దొంగచాటు గర్భస్రావాల్లో పోతున్న ప్రాణాల సంగతి చూడమని 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. దాని సిఫార్సుల మీద 1971లో గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. అమెరికాలో గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన రో తీర్పు రావడానికి రెండేళ్ల ముందే మనకి చట్టం ఉంది. 2022లో వాళ్లు ఆ తీర్పునే కొట్టేసుకున్నారు, మన చట్టం పదిలంగా ఉంది. అయితే గర్వపడే ముందు చట్టాన్ని ఒకసారి చదవాలి. డాక్టరు సదుద్దేశంతో సరేనంటేనే గర్భస్రావం నేరం కాకుండా పోతుంది. నాకొద్దు అన్న ఆమె మాట ఒక్కటే చాలదు. అప్పట్లో గర్భనిరోధకం విఫలమైందన్న కారణం పెళ్లయినవాళ్లకే చెల్లేది. జనాభా భయం నీడలో పుట్టిన చట్టం అలాగే ఉంటుంది మరి.

ఎమర్జెన్సీలో ఆ భయం ముదిరింది. 1976-77లో ఒక్క ఏడాదిలోనే దేశంలో సుమారు 62 లక్షల మంది మగవాళ్లకు వేసెక్టమీ ఆపరేషన్ చేశారు. ఇందిర ఓడిపోయాక మగవాడి జోలికి వెళ్లే ధైర్యం ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. కార్యక్రమం పేరులో 'నియంత్రణ' పోయి 'సంక్షేమం' వచ్చింది, కత్తి మాత్రం ఆడవాళ్ల వైపు తిరిగింది. మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులంది. ఇలాంటి నిబంధనే హర్యానాలో ఉంటే అది మతస్వేచ్ఛకు అడ్డమని కొందరు వాదించారు. 2003లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు ఒక శాతం కూడా లేరు. మాత్ర, కాపర్‌టీ, ఇంజెక్షన్ అనే దారులు ఉన్నాయని చాలామందికి తెలిసేలోపే పాతికేళ్లకి అంతా ముగిసిపోయింది.

1997లో జనాభా తగ్గించే విధానం తెచ్చిన చంద్రబాబే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. 2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధనను అసెంబ్లీ ఎత్తేసింది. మొదట పిన్ని అన్నది ఇదే.

మరి మతం? ఆసుపత్రుల ముందు ప్లకార్డులు పట్టుకునే మతం ఇక్కడ నేను చూడలేదు. కృత్రిమ గర్భనిరోధం కూడదని పోప్ 1968లో చెప్పినా, మన వైపు క్రైస్తవంలో పెద్ద వాటా కెనడియన్ బాప్టిస్టులు నాటింది, వాళ్లకి ఆ కట్టుబాటు లేదు. మతం పని చేసేది ఇంట్లో. పైడితల్లికి మొక్కే మొక్కులో, తలకొరివి పెట్టేవాడు కావాలనే అత్తగారి మాటలో. స్కానింగ్ కేంద్రాల్లో లింగనిర్ధారణ నేరమని బోర్డు పెట్టించింది ఆ తలకొరివే. పాపం ఆ బోర్డు చూసి గర్భస్రావమే నేరమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో వచ్చిన సవరణ 'భర్త' మాట తీసి 'భాగస్వామి' అని పెట్టింది, కొందరికి గడువు 24 వారాలకు పెంచింది. పెళ్లికానివాళ్లకూ అదే హక్కు ఉందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరు సరేనన్నాక, సమ్మతికి మేజరైన స్త్రీ సంతకం ఒక్కటే చాలని చట్టంలో మొదటినుంచీ ఉంది.

పోయినేడాది వరసకి చెల్లెలయ్యే అమ్మాయితో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. ఇద్దరు పిల్లలు, మూడోసారి నెల తప్పింది, వద్దనుకుంది. మొగుడు చెన్నైలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. కౌంటరులో అమ్మాయి ఫారం ఇటు తిప్పి, "ఇక్కడ మీ ఆయన సంతకం కావాలండి" అంది. అక్కర్లేదని నేను చెబుతూనే ఉన్నాను. చెల్లెలు అప్పటికే ఫారం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేసింది. అతను పని దిగేసరికి సాయంత్రం ఆరయింది.