ప్రాజెక్టు కిట్టు తెరిచే ముందు: పిల్లలకు ఉత్తరం

బెంగళూరు

చిరంజీవులైన నాలుగో తరగతి పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ తరగతికి సైన్సు కిట్లు, చిత్రకళ కిట్లు వచ్చాయని తెలిసి సంతోషించాను. మూత మీద, తయారైన వస్తువు ఎలా ఉంటుందో చూపే రంగుల ఫొటో ఉంటుంది. మనది కూడా అచ్చం అలాగే రావాలన్న ఆత్రంలో పడితే, మన చేతిలోని వస్తువు ఏం చేస్తోందో చూడకుండానే గంట మోగిపోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పసుపు కాగితం సంగతి చూడండి. పసుపు కలిపిన నీళ్లను తెల్లకాగితానికి పూసి ఆరబెట్టి, సబ్బు నీళ్లలో ముంచిన కుంచెతో దాని మీద బొమ్మ గీస్తే, గీత గీసినంత మేరా ఎర్రబడుతుంది. సూచనల కాగితంలో పని ఇక్కడితో అయిపోతుంది. నన్నడిగితే అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఆ ఎర్ర గీత మీద నిమ్మరసం చుక్క వేస్తే అది మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. సబ్బు నీళ్లు క్షారం, నిమ్మరసం ఆమ్లం. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడి, ఆమ్లం తగిలితే తన రంగుకు తిరిగి వస్తుంది. పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపి చేసేవే కాబట్టి, ఈ ప్రయోగం మీ అమ్మమ్మలకు ఎప్పటినుంచో తెలుసు. వంటసోడా, ఉప్పునీళ్లు, చింతపండు రసం ఏ రంగు తెస్తాయో ముందుగా ఊహించి నోటుబుక్కులో రాసుకుని, ఆ తరువాతే చుక్క వేయండి. ఊహ తప్పితే కొట్టివేయవద్దు. దాని పక్కనే వచ్చిన ఫలితం రాయండి.

ఎల్‌ఈడీ దీపం అమర్చిన గ్రీటింగ్ కార్డు చేసేటప్పుడు చాలామందికి మొదటిసారి దీపం వెలగదు. అప్పుడు టీచరుగారిని పిలిచే ముందు మీరే వెతకండి. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు కావాలి. ఒక పెన్సిల్ సెల్ ఇచ్చేది 1.5 వోల్టులే. అందువల్ల రెండు సెల్‌లను వరుసగా కలిపి, దీపం మాడిపోకుండా మధ్యలో కరెంటును తగ్గించే ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. పైగా ఎల్‌ఈడీ గుండా కరెంటు ఒకే దిక్కుగా పోతుంది, దాని రెండు తీగ కాళ్లలో పొడవుది సెల్ ప్లస్ వైపు ఉండాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. కాలు తిప్పి, తీగ మార్చి, సెల్ కూడా మార్చాక దీపం వెలిగిందంటే, దేనివల్ల వెలిగిందో మీకు ఎప్పటికీ తెలియదు.

అన్నీ ముందే కత్తిరించి, రంధ్రాలు కూడా చేసి పెట్టిన ఖరీదైన కిట్ల మీద నాకు అంత గౌరవం లేదు. వాటిలో మీ చేతికి మిగిలేది అతికించడమే. నల్ల స్కెచ్ పెన్నుతో వడపోత కాగితం మీద చుక్క పెట్టి, కాగితం అంచును మాత్రం నీళ్లకు తాకించి చూడండి. నీళ్లు పైకి పాకుతూ ఆ నలుపులో దాగిన రంగులను విడదీసి పరుస్తాయి. దీనికి ఖర్చు దాదాపు లేదు, ఆ కాగితమే పువ్వు రేకు కూడా అవుతుంది.

సైన్సు, చిత్రకళ వేరు వేరు పీరియడ్లని అనుకునేవారికి మన పక్కనే ఉన్న చన్నపట్నం చూపించాలి. మైసూరు రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో, తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం) మీద గిర్రున తిరిగే కర్రకు రంగు లక్క కడ్డీని అదిమి పట్టుకుంటారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది; రంగు వేయడానికి కుంచె అక్కర్లేదు. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే అక్కడా వాడతారు.

ఇక పంచుకోవడం గురించి. ఒక కిట్టు చుట్టూ అయిదారుగురు చేరితే, చొరవ ఉన్నవాళ్లే అన్నీ ముట్టుకుంటారు, మిగతావారు చూస్తూ ఉండిపోతారు. పట్టుకునేవారు, రాసేవారు వంతులవారీగా మారాలని టీచరుగారిని అడగండి. బొత్తాంలా ఉండే చిన్న సెల్‌ను మాత్రం ఎవరూ నోటి దగ్గరకు తీసుకుపోకూడదు. మింగితే అది రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు, అందుకే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పని అయ్యాక సామాన్లు లెక్కపెట్టి పెట్టెలో సర్దండి. ఏది అయిపోయిందో ఒక చీటీ మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. మీ తరువాత ఆ పెట్టె తెరవబోయేది మూడో తరగతివారు.

ఇట్లు,
మీ తాతయ్య