వరంగల్‌లో గ్రానైట్ తప్ప ఏముంది? భూవిజ్ఞాన సదస్సులు, క్షేత్ర పర్యటనలపై అపోహలు - వాస్తవాలు

ఉత్తర తెలంగాణలో భూవిజ్ఞానుల కోసం సదస్సు, దానితోపాటు క్షేత్ర పర్యటన పెడదామన్నప్పుడల్లా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. అవి సామాన్యుల నుంచే కాదు, మా రంగంలోని వారి నుంచి కూడా వస్తాయి. అందుకే ఈ వివరణ.

అపోహ: వరంగల్ చుట్టూ ఉన్నది గ్రానైటే, రెండు గంటల్లో చూసేయవచ్చు.

హనుమకొండలో నిలబడి చూస్తే అలాగే అనిపిస్తుంది. పద్మాక్షి గుట్ట, కోటలోని ఏకశిల గుట్ట, వాటి చుట్టూ పరుచుకున్న బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ (వేడికి, ఒత్తిడికి చారలు దేరిన రాయి) జాతి శిలలు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లను ఎవరూ పేర్చలేదు, ఏ వరదా తెచ్చి పడేయలేదు. శిలలోని పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు అరిగి, అవి ఉన్నచోటే గుండ్రంగా మారాయి.

కానీ నర్సంపేట దాటి పాఖాల చెరువు వైపు వెళ్లండి. గుట్టల రూపమే మారిపోతుంది. గుండ్లు పోయి పొరలు పొరలుగా వాలిన క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), డోలమైట్ (సున్నపురాయిని పోలిన రాయి), షేల్ (బంకమట్టి గట్టిపడిన పలకరాయి) కనిపిస్తాయి. ఈ శిలాసముదాయానికి ఆ చెరువు పేరే పెట్టి పాఖాల్ అన్నారు. అందులోని రెండు ఉపసముదాయాల పేర్లు మల్లంపల్లి, ములుగు. మన ఊళ్ల పేర్లు ప్రపంచంలో ఎక్కడి పరిశోధకులైనా రాసే పత్రాల్లో శాశ్వతంగా నిలిచాయి. ఈ విషయం ఇక్కడి బడిపిల్లలకు తెలియాలని నా గట్టి కోరిక. పాఖాల్ అడుగు పొరల వయసు 160 కోట్ల ఏళ్ల పైమాటే. అంటే కింది గ్రానైట్‌కూ పైనున్న తొలి పొరకూ మధ్య దాదాపు 80-90 కోట్ల ఏళ్ల చరిత్ర ఇక్కడ రాళ్లలో లేదు. ఆ ఎడం దగ్గర అడుగున ఉన్న గులకరాళ్ల పొరను చేతి లెన్స్‌తో పరిశీలిస్తే, అప్పటికే అరిగిపోతున్న పాత నేల ముక్కలు అందులో దొరుకుతాయి.

అక్కడి నుంచి భూపాలపల్లి వైపు సాగితే గోదావరి లోయలోకి, బొగ్గు పొరలుండే గోండ్వానా అనే శిలాసముదాయంలోకి దిగుతాం. ఇవి 30 కోట్ల ఏళ్ల లోపువి. వీటి అడుగున ఉండే తాల్చీర్ పొరల్లో హిమానీనదాలు (కదిలే మంచు ప్రవాహాలు) మోసుకొచ్చిన గుండ్లు ఉన్నాయి. మే నెలలో నిప్పులు చెరిగే ఈ నేల ఒకప్పుడు దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేదని విద్యార్థులు నమ్మేది ఆ గుండ్లపై మంచు గీసిన గీతలు చూశాకే. వాటి పైన బొగ్గు పొరలు. ఇంకా ఉత్తరాన, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ‘కోట’ అనే పేరున్న గోండ్వానా పొరల్లో దొరికిన డైనోసార్‌కు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. రెండు గంటలు కాదు, మూడు రోజులు కేటాయించినా ఇవన్నీ హడావిడిగానే చూడాల్సి వస్తుంది.

అపోహ: ఎప్పుడో మ్యాపులు గీసేశారు, ఇక పరిశోధించడానికి ఏమీ మిగలలేదు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ప్రాణహిత-గోదావరి లోయపై 1881లోనే గొప్ప నివేదిక ప్రచురించారు. 1870ల తొలినాళ్లలో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిందీ ఆయనే. ఆ పనిపై నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా ఈ లోయలోని పాఖాల్, పెన్‌గంగ, ఆల్బాక, సుల్లవాయి అనే పాత శిలాసముదాయాల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నదానిపై ఈనాటికీ ఒక్కో పరిశోధక బృందం పట్టిక ఒక్కో రకంగా ఉంటుంది. ఇలాంటి వివాదాలు హాలులో తెర మీద బొమ్మలు చూపిస్తే తేలవు. ఎవరి బొమ్మ వారి వాదనకు అనుకూలంగానే ఉంటుంది మరి. పొర వాలు ఎటుంది, ఇక్కడున్నది భ్రంశమా (శిలలు విరిగి పక్కకు జరిగిన చోటు) లేక ఒక పొరపై మరొకటి సహజంగా పేరుకున్న సంధి రేఖా అన్నది రాయి ముందు నిలబడి, కంపాస్ పెట్టి కొలిచి వాదించుకోవాలి. అందుకే పత్ర సమర్పణలకు ముందే పర్యటన పెట్టాలని నేను పట్టుబడతాను. చివరి రోజున పెడితే అది విహారయాత్ర అయిపోతుంది, సగం మంది రైలు టికెట్ల ధ్యాసలో ఉంటారు.

ఇంకో తొందర కూడా ఉంది. బొగ్గు పొరలను నిలువునా చూపించే ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గని గోడ తవ్వకంతోపాటు వెనక్కి జరుగుతూ పోతుంది. ఈ ఏడాది కనిపించిన పొర వచ్చే ఏడాది ఉండదు. దాన్ని చూసినవారు అప్పుడే గీసి, కొలిచి, ఫొటో తీసి భద్రపరచకపోతే ఆ సమాచారం ఇక దొరకదు.

అపోహ: వేయి స్తంభాల గుడి నల్లరాయి అగ్నిపర్వతపు లావా.

అది డోలరైట్ అనే రాయి, లావా కాదు. భూమి లోపలి పగుళ్లలోకి ఎగదన్నిన శిలాద్రవం పైకి రాకుండా అక్కడే గోడలా గట్టిపడితే డైక్ అవుతుంది, ఇక్కడి డైకుల్లో ఉండేది ఈ డోలరైటే. లావా పొరలు కావాలంటే ఆదిలాబాద్ పశ్చిమాన దక్కన్ ట్రాప్ అనే లావా పీఠభూమిలోకి వెళ్లాలి. వాటి వయసు 6.6 కోట్ల ఏళ్లు మాత్రమే. వరంగల్ పొలాల మధ్య వరుసగా సాగిపోయే నల్లగుండ్ల గట్లు ఈ డైకులే. రామప్పలో ఎర్రటి ఇసుకరాయి, నల్లటి డోలరైట్ పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే పర్యటనలో ఆ గుడి తప్పక ఉండాలి. శిఖరంలోని నీటిపై తేలే ఇటుకలను కొందరు అగ్నిపర్వతపు రాయి అంటారు. కాదు, అవి కాల్చిన మట్టి ఇటుకలే, లోపలంతా సన్నటి రంధ్రాలు.

అపోహ: ఈ చర్చలతో రైతుకు సంబంధం లేదు.

డైక్ భూగర్భజలానికి అడ్డుకట్టలా పనిచేస్తుంది. గట్టుకు ఒక పక్క బోరులో నీళ్లుండి, మరో పక్క చుక్క రాకపోవడానికి చాలాచోట్ల కారణం అదే. గ్రానైట్‌లో నీరు పగుళ్లలోనే ఉంటుంది, లోతుకు వెళ్లేకొద్దీ ఆ పగుళ్లు తగ్గుతాయి. లోతుగా వేస్తే నీళ్లు పడి తీరతాయన్న నమ్మకంతో అప్పులపాలైన కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎన్నో. నల్లగుండ్ల వరుస ఎక్కడ మొదలై ఎక్కడ మాయమవుతుందో ఆ ఊరి రైతు మనకంటే బాగా చెబుతారు. పర్యటనలో ఆయనతో మాట్లాడటానికి అరగంట కేటాయించాలి.

అపోహ: తెలంగాణకు భూకంపాలు రావు.

1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చింది. గోదావరి లోయ ఇరువైపులా భ్రంశాలుండి, మధ్య నేల కిందికి దిగిన పగులు లోయ, అందుకే ఇక్కడ భూమి కదులుతుంది.

అపోహ: సుత్తి చేతిలో ఉంటే ఎక్కడైనా రాయి కొట్టి తెచ్చుకోవచ్చు.

కోటలో, రామప్పలో, శిలాచిత్రాలున్న పాండవుల గుట్టలో సుత్తి బయటకు తీయకూడదు. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలకు అటవీశాఖ అనుమతి ఉండాలి. ఓపెన్‌కాస్ట్‌లోకి గని అధికారుల అనుమతి, హెల్మెట్, బూట్లు లేకుండా అడుగుపెట్టరాదు. ఈ అనుమతులకు వారాలు పడుతుంది కాబట్టి, జనవరిలో పర్యటన అనుకుంటే దరఖాస్తులు దసరా లోపే వెళ్లాలి.