బీరువా నిండా ఫైళ్లు, ఏటా అదే ప్రాజెక్టు

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యతను చూసే అంతర్గత విభాగం) పని కూడా చూస్తుంటాను. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే ఒకరు నేర్చుకున్నది తర్వాతివాళ్లకు అందేలా చూడటం. ఆ మాట అనగానే స్టాఫ్ రూములో వినబడే మాటలు కొన్ని.

అపోహ: "నాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ) కోసం ఫైళ్లన్నీ చేశాం కదా, ఇంకేం కావాలి?"

వాస్తవం: ఆ ఫైళ్లలో జరిగినవే ఉంటాయి, చెడిపోయినవి ఉండవు. మా దగ్గర ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ ప్రాజెక్టును ఏటా ఏదో ఒక బ్యాచ్ తీసుకునేది. ఏటా ఒక్కచోటే ఆగేది. మధ్యాహ్నమైతే చాలు, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల ముఖాలు కెమెరాలో నల్లగా పడేవి. బైండింగ్ చేసిన రిపోర్టులన్నీ తిరగేశాను, ఈ ముక్క ఒక్కదాంట్లోనూ లేదు. అన్నిటి చివరా "ఫలితాలు సంతృప్తికరం" అనే ఉంది. మార్కులు పోతాయని టెన్షన్ మరి! అప్పట్నుంచి రిపోర్టులో ఒక పేజీ చేర్పించాం: ఎక్కడ ఆగింది, ఏం చేసి చూసి వదిలేశారు. దానికి మార్కులు తగ్గించబోమని ముందే మాటిచ్చాం. మరుసటి ఏడాది పిల్లలు ఆ పేజీ చదివి, కెమెరాను కిటికీలున్న గోడకే బిగించి పని మొదలుపెట్టారు. మిగిలిన టైములో, ఎవరైనా ఫొటో చూపించి ప్రాక్సీ వేయకుండా కంటిరెప్పల కదలికను పట్టే ప్రోగ్రామ్ రాశారు. ఇన్నేళ్లలో ఆ ప్రాజెక్టులో కొత్తగా వచ్చింది అదొక్కటే.

అపోహ: "మంచి సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుంది."

వాస్తవం: ఎంఐటీ లైబ్రరీలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి చేసిన డీస్పేస్ (రిపోర్టుల్లాంటివి దాచి, వెతికి తీసుకునే సాఫ్ట్‌వేర్) 2002 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. మాకు లేనిదల్లా అందులో ఎక్కించడానికి టైమ్‌టేబుల్లో ఒక పీరియడ్.

అపోహ: "నా నోట్సు అందరికీ ఇచ్చేస్తే నన్నెవరు అడుగుతారు?"

వాస్తవం: తన కోర్సుల మెటీరియల్‌ను అందరికీ ఉచితంగా పెడతామని ఎంఐటీ 2001లోనే ప్రకటించింది. అక్కడ సీటుకు పోటీ ఏమైనా తగ్గిందా? మన ఐఐటీల ఎన్‌పీటెల్ ఉచిత వీడియో పాఠాలూ అంతే. అయినా ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. జూనియర్ రాసిన ల్యాబ్ మాన్యువల్ మీద సీనియర్ పేరు పడటం కళ్లారా చూశాను. రాసినవాళ్ల పేరు వేయనిచోట ఎవరూ ఏదీ బయటికి తీయరు.

అపోహ: "తెలిసిందంతా రాయించి పెట్టుకుంటే చాలు."

వాస్తవం: మా ల్యాబ్ టెక్నీషియన్‌ గారిని రాయమంటే అర పేజీ దాటలేదు. మూడో బెంచీ సీఆర్‌ఓ (కరెంటు సిగ్నళ్లను తెర మీద గీతల్లా చూపే పరికరం) మొరాయిస్తే ఏ వైరు ఎంత కదపాలో ఆయన చేతికే తెలుసు. అందుకని రిటైరయ్యే ముందు రెండు నెలలు కొత్త కుర్రాణ్ణి ఆయన పక్కనే ఉంచాం. ఇప్పుడా సీఆర్‌ఓ ఆ కుర్రాడి మాట వింటోంది, నా మాట మాత్రం ఇప్పటికీ వినదు.