సాగర్ లాంచీ, శ్రీశైలం రోప్‌వే: హాఫ్ డే ట్రిప్పు మీద అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళకు కృష్ణ మీద బోటు షికారంటే ముఖ్యంగా మూడు చోట్లు: నాగార్జునసాగర్, సోమశిల, శ్రీశైలం పాతాళగంగ. వీటిలో రోప్‌వే ఉన్నది శ్రీశైలంలో. గ్రూపులను తీసుకెళ్ళే మమ్మల్ని జనం మొదట అడిగేది టికెట్ ఎంత అని. మొదట అడగాల్సింది డ్యాంలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయని. ట్రిప్పు సాఫీగా సాగినా, సగంలో చెడినా కారణం చాలామటుకు మూడే: నీటిమట్టం, గాలి, అడవి చెక్‌పోస్టు టైం. ఈ మూడూ తెలియక చేసే పొరపాట్లే కింద ఉన్నవన్నీ.

అపోహ: హాఫ్ డే ట్రిప్పే కదా, ఇంట్లో టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరొచ్చు.

శ్రీశైలం హాఫ్ డే అంటే రోప్‌వే, బోటు, రెండు చోట్లా లైనులో నిలబడే టైం. రోడ్డు మీద పోయే టైం అందులో లేదు. అచ్చంపేట దాటాక మన్ననూరు చెక్‌పోస్టు వస్తుంది. అక్కడి నుంచి దోమలపెంట దాకా దాదాపు 60 కిలోమీటర్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు. అడవిలో స్పీడ్ పరిమితి ఉంటుంది, దోమలపెంట దాటాక ఘాట్ దిగాలి, కృష్ణ మీద బ్రిడ్జి దాటి లింగాలగట్టు నుంచి మళ్ళీ ఘాట్ ఎక్కాలి. మన్ననూరు నుంచి శ్రీశైలానికి రెండు, రెండున్నర గంటలు పెట్టుకోండి. పొద్దున 6కు గేటు దగ్గరుంటే 8.30 ప్రాంతంలో కొండ మీద ఉంటారు. పదింటికి మన్ననూరు చేరితే మాత్రం ఎండా, రద్దీ, గాలీ మూడూ మీద పడే వేళకు రోప్‌వే లైనులో నిలబడతారు.

ప్లాన్ ఎప్పుడూ వెనక నుంచి వేసుకోవాలి. రాత్రి 9కి గేటు పడుతుందని 8.55కు చేరేలా లెక్క వేసుకోవద్దు. వరద సీజన్‌లో శని, ఆదివారాలు డ్యాం గేట్లు చూడ్డానికి వచ్చిన కార్లతో లింగాలగట్టు దగ్గర గంటల తరబడి ట్రాఫిక్ ఆగిపోతుంది. సాయంత్రం నాలుగింటికల్లా శ్రీశైలం వదిలితే వెలుతురు ఉండగానే అడవిలో సగం దాటేస్తారు. నాలుగుకు వదలాలంటే ఒంటిగంటకు భోజనం, పన్నెండుకు బోటు దిగి పైకి రావడం, తొమ్మిదికి రోప్‌వే కౌంటర్ దగ్గర ఉండడం. లెక్క అలా తిరగేసి వేస్తే పొద్దున ఎన్నింటికి లేవాలో అదే తేలుతుంది. స్వామి దర్శనం కూడా ఉంటే అది హాఫ్ డే కాదు. ముందురోజే వచ్చి రాత్రి ఉండండి.

పెట్రోలు అచ్చంపేటలోనో కల్వకుర్తిలోనో పోయించుకోండి, అడవిలో బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి కొంత నగదు జేబులో ఉండాలి. ఘాట్ మలుపులకు పిల్లలు వాంతులు చేసుకుంటారు. మన్ననూరుకు ముందే రెండు ఇడ్లీలతో సరిపెట్టండి, పూరీ వద్దు. దారిలో కోతులకు ఏమీ వేయొద్దు. అలవాటుపడి అవి రోడ్డు మీదే కూర్చుంటున్నాయి, బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయి.

అపోహ: శ్రీశైలం రోప్‌వే కింద నుంచి కొండ మీద గుడికి తీసుకెళ్తుంది.

తిరగబడిన లెక్క ఇది. మీ బండి ఆగేదే కొండ మీద. గుడి, సత్రాలు, రోప్‌వే పై స్టేషన్ అన్నీ అక్కడే. రోప్‌వే మిమ్మల్ని కిందికి, పాతాళగంగ రేవుకు దింపుతుంది. బోటు ఎక్కేది అక్కడ. అంటే కష్టమంతా తిరుగు ప్రయాణంలో ఉంది. దిగేటప్పుడు సరదాగా మెట్ల మీద నడిచి, ఎక్కేటప్పుడు రోప్‌వే చూసుకుందాం అనుకునేవాళ్ళు కింద లైను పెద్దగా ఉంటేనో, గాలికి ఆపేస్తేనో వందల మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మీ గ్రూపులో ఉంటే దిగేముందే పై కౌంటర్‌లో రెండు మాటలు అడగండి: ఈ టికెట్ రానూపోనూనా, కింద నుంచి ఆఖరి ట్రిప్పు ఎన్నింటికి? రెండో ప్రశ్నకు జవాబు రాకుండా దిగొద్దు.

అపోహ: డ్యాంలో నీళ్ళుంటే చాలు, ఎప్పుడు వెళ్ళినా బోటు ఒకటే.

శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, నిల్వ 215 టీఎంసీల పైచిలుకు. సాగర్ 590 అడుగులు, 312 టీఎంసీలు. పేపర్లో రోజూ వేసే ఆ అంకెలు రైతులకే కాదు, బోటు ఎక్కేవాళ్ళకూ పనికొస్తాయి. శ్రీశైలంలో ఎండాకాలానికి మట్టం 830 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. 885 నుంచి 835కు పడిందనుకుందాం, తేడా 50 అడుగులు. మెట్టు ఆరు అంగుళాలనుకుంటే, నీళ్ళు నిండుగా ఉన్నప్పటికంటే 100 మెట్లు అదనంగా దిగాలి, మళ్ళీ ఎక్కాలి. రోప్‌వే కింది స్టేషన్ దాని చోటు నుంచి కదలదు కదా, నీళ్ళే దాని నుంచి దూరం జరుగుతాయి. బయటపడిన మెట్ల మీద ఒండ్రు ఆరీఆరకుండా జిగటగా ఉంటుంది. పాదం పెట్టగానే జారుతుంది. రబ్బరు అడుగు పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, హైహీల్స్, అరిగిన హవాయి చెప్పులు వద్దు.

నీళ్ళు తగ్గితే బోటు ఎక్కే జెట్టీని కూడా కిందికి జరుపుతారు. బోటుకూ జెట్టీకీ మధ్య వేసే పలక వాలుగా పడుతుంది. పలక మీద ఒక్కొక్కరే, చేతిలో ఏమీ లేకుండా నడవాలి. చంటిపిల్లలను బోటులో ఉన్న మనిషికి ముందు అందించి తర్వాత మీరు ఎక్కండి. మా అనుభవంలో జనం పడేది నడి నీళ్ళలో కాదు, ఈ పలక దగ్గరే.

అపోహ: గేట్లు ఎత్తినప్పుడు వెళ్తే డ్యాం అందం, బోటు షికారు రెండూ ఒకేసారి అయిపోతాయి.

గేట్లు ఎత్తారంటే పై నుంచి వరద వస్తోందని అర్థం. అప్పుడు నీళ్ళు ఎర్రగా, ప్రవాహంతో ఉంటాయి, చెట్ల దుంగలు కొట్టుకొస్తాయి. దుంగ ప్రొపెల్లర్‌కు తగిలితే ఇంజన్ ఆగిపోతుంది. అందుకే వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో బోట్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. గేట్లు చూడ్డం ఒక ట్రిప్పు, బోటు ఎక్కడం ఇంకో ట్రిప్పు. వరద తగ్గి, నీళ్ళు తేటపడి, డ్యాం ఇంకా నిండుగా ఉండే నవంబరు, డిసెంబరు, జనవరి బోటుకు అసలైన కాలం. చలికాలం పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి.

అపోహ: సాగర్ నీళ్ళ మధ్య ఉన్న నాగార్జునకొండ మొదటి నుంచీ ద్వీపమే, అక్కడి స్తూపాలన్నీ ఆ కొండ మీద దొరికినవే.

ఇది తెలియకుండా వెళ్తే లాంచీ షికారు వట్టి నీళ్ళ షికారుగానే మిగులుతుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది కొండ మీద కాదు, చుట్టూ ఉన్న లోయలో. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాంకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా పెద్దఎత్తున తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని విడగొట్టి కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని కుడి గట్టున ఉన్న అనుపుకు తరలించి తిరిగి కట్టారు. శిల్పాలు కొండ మీది మ్యూజియంలో పెట్టారు. లాంచీ కొండకు దగ్గరపడేటప్పుడు మీ కింద ఉన్నది ఆ పట్టణం నిలిచిన నేల. లాంచీ నడిపే సరంగు నీళ్ళు చూపించి ‘ఇక్కడే ఊరుండేది’ అంటే అది కట్టుకథ కాదు.

లెక్కలు ఇవి: లాంచీ పోవడానికి ముప్పావు గంట నుంచి గంట, రావడానికి అంతే. కొండ మీద గంట, గంటన్నర ఇస్తారు. మ్యూజియం శుక్రవారం ఉండదు. దిగగానే పిల్లలు చెట్ల నీడన ఆటల్లో పడతారు, పెద్దలు ఫొటోల్లో పడతారు. మ్యూజియంకు పది నిమిషాలు మిగులుతాయి. ముందు మ్యూజియంకే నడవండి. సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుడి జీవిత ఘట్టాల ముందు కనీసం అరగంట నిలబడండి, ఫొటోలు తిరిగొచ్చేటప్పుడు దిగండి. వచ్చిన లాంచీలోనే తిరిగి వెళ్ళాలి, కాబట్టి దిగేటప్పుడే దాని పేరు చూసుకోండి, సరంగు చెప్పిన టైం గ్రూపులో అందరికీ చెప్పండి.

లాంచీ స్టేషన్లు రెండు గట్ల మీదా ఉన్నాయి: తెలంగాణ వైపు హిల్‌కాలనీలో, ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌లో. ఒక గట్టున బోటు ఆగిందంటే రెండో గట్టునా ఆగినట్టు కాదు. రెండూ వేర్వేరు సంస్థలవి, టికెట్లు కూడా ఒకచోటివి ఇంకోచోట చెల్లవు. నల్లగొండ నుంచి హాలియా, పెద్దవూర మీదుగా వచ్చేవాళ్ళకు హిల్‌కాలనీ ముందు తగులుతుంది. ఇక్కడ మధ్యాహ్నానికల్లా బోటు అయిపోతే బుద్ధవనం చూసుకుని చీకటిపడేలోపు ఇంటికి చేరొచ్చు. అడవి గేటు బాధ లేని దారి ఇది. ముసలివాళ్ళతో, చంటిపిల్లలతో వచ్చే కుటుంబాలకు మేం ఈ ట్రిప్పే చెప్తాం.

అపోహ: ఈత వచ్చినవాళ్ళకు లైఫ్ జాకెట్ ఎందుకు?

ఊరి బావిలో, చెరువులో ఈత వేరు. రిజర్వాయర్ గట్లు నిటారుగా ఉంటాయి, కాలు ఆనించడానికి చోటుండదు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఎంత ఈత వచ్చినా వృథా. తడిసిన చీర, జీన్స్ కాళ్ళను కట్టేస్తాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తర్వాత కూడా జాకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

జాకెట్ వేసుకోవడంలోనూ తప్పులు చేస్తారు. పట్టీలన్నీ బిగించి, ఎవరితోనైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. నీళ్ళలో అది మనిషిని వదిలేసి పైకి తేలుతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. చిన్న సైజు అడగండి, లేదంటే ఆ బోటు వదిలేయండి. చున్నీ, పైట జాకెట్ లోపలికి దోపండి. జాకెట్ మీద షాల్ కప్పొద్దు. బకిల్ విరిగినదీ, లోపలి స్పాంజీ పిండిపిండిగా రాలుతున్నదీ ఇస్తే మార్చమనండి.

అపోహ: సీట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి బోటులో ఎక్కడైనా నిలబడొచ్చు.

ఎంతమందిని ఎక్కించుకోవాలో బోటు మీద రాసుంటుంది. ఆ సంఖ్య అందరూ సర్దుకుని కూర్చుంటే సరిపోయేది. ఒడ్డున మొసలి కనబడిందనో, సెల్ఫీ కోసమో అందరూ ఒకే వైపు లేచి నిలబడితే బరువు ఆ పక్కకే వాలుతుంది, పైగా నిలబడ్డ మనుషుల వల్ల బోటు బరువు కేంద్రం పైకి జరుగుతుంది. బోటు ఒరగడానికి ఈ రెండూ చాలు. పై అంతస్తున్న లాంచీల్లో ఇంకా జాగ్రత్త. గాలి మొదలైతే సరంగు అడగకముందే కిందికి దిగి కూర్చోండి.

అపోహ: రోప్‌వే మధ్యలో ఆగిందంటే ప్రమాదం జరిగినట్టే.

ఆపడమే దాని భద్రత. ఏదైనా సెన్సర్ తేడా చూపినా, గాలి హద్దు దాటినా మోటారు ఆగి బ్రేకులు పడతాయి. కొన్ని రకాల రోప్‌వేల్లో కేబిన్లు తీగకు బిగించే ఉంటాయి. స్టేషన్‌లో ఎవరైనా ఎక్కడానికి ఆలస్యమైనా నడిమధ్య ఉన్న కేబిన్ కూడా ఆగాల్సిందే. కరెంటు పోతే కేబిన్లను స్టేషన్‌కు లాక్కురావడానికి జనరేటరో డీజిల్ ఇంజనో పెడతారు. దాన్ని స్టార్ట్ చేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

తీగ తెగుతుందేమోనన్న భయం సహజమే. అది ఒక్క కడ్డీ కాదు, ఎన్నో సన్నటి ఉక్కు తీగలను పేని, ఆ పేటలను మళ్ళీ పేనిన తాడు. లోపలి తీగలు తెగాయేమో అయస్కాంత పరీక్షతో చూస్తారు. నిర్వహణలో లోపం వస్తే ప్రమాదం జరగదని ఎవరూ అనలేరు. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని త్రికూట్ రోప్‌వే ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు, కేబిన్లలో చిక్కుకున్నవాళ్ళను హెలికాప్టర్లతోనూ దించడానికి మర్నాడు దాటి పైరోజు దాకా పట్టింది. అందుకే మెయింటెనెన్స్ కోసం మూసి ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకోవద్దు. ఆ మూసివేత మీ కోసమే.

కేబిన్ ఆగితే లేవొద్దు, ఊపొద్దు, తలుపు మీద చేయి వేయొద్దు. ఎదురెదురుగా బరువు సమంగా ఉండేలా కూర్చోండి. ఎత్తంటే భయమున్నవాళ్ళను కొండ వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే సగం భయం తగ్గుతుంది.

అపోహ: సోమశిల బోటు ఎక్కితే సంగమేశ్వరం గుడి ఎప్పుడైనా చూడొచ్చు.

సప్తనది సంగమేశ్వరం శ్రీశైలం నీళ్ళలో మునిగే గుడి. మట్టం బాగా తగ్గాక, ఎండాకాలంలో బయటపడుతుంది. డ్యాం నిండుగా ఉన్నప్పుడు పోతే నీళ్ళే కనబడతాయి. సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ కూడా హాఫ్ డే కాదు, పగలంతా పడుతుంది.

అపోహ: బోటు ఆపేస్తే పుట్టివాళ్ళతో మాట్లాడుకోవచ్చు, డబ్బులూ తక్కువే.

పుట్టి అంటే చేపలు పట్టేవాళ్ళు వాడే గుండ్రటి తెప్ప. దాన్ని నడిపే చేతికి అది ఎటు తిరుగుతుందో తెలుసు, ఎక్కినవాళ్ళకు తెలియదు. గుండ్రటి అడుగు కాబట్టి ఒకరు లేస్తే చాలు ఒక పక్కకు వాలుతుంది, జాకెట్లూ ఉండవు. గాలికి పెద్ద లాంచీనే ఆపారంటే ఆ నీళ్ళు పుట్టికి అసలే పనికిరావు. బోటు రద్దయితే కౌంటర్‌లో డబ్బు వాపసు అడగండి, టికెట్ పారేయకుండా దగ్గరుంచుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే రద్దయిందని కౌంటర్‌లో అప్పుడే రాయించుకోండి. ఇంటికొచ్చాక ఫోన్లో అడిగితే ఆ కాగితం లేకుండా పని జరగదు.