వేరికోస్ వెయిన్స్ ఉంటే వ్యాయామం మానేయాలా? అపోహలు - వాస్తవాలు

పిక్కల మీద మెలికలు తిరిగి ఉబ్బినవాటిని అందరూ ‘నరాలు’ అంటారు. అవి నరాలు కావు, సిరలు. కాలిలోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేవి. రక్తం వెనక్కి జారకుండా వాటి లోపల ఉండే కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం నిలిచిపోయి సిర ఉబ్బుతుంది. అలా ఉబ్బిన సిరలే వేరికోస్ వెయిన్స్.

అపోహ: నడిస్తే రక్తం కిందికి దిగి ఇంకా ఉబ్బుతాయి.

వాస్తవం: కిందికి దిగేది కదలకుండా నిలబడినప్పుడు. అప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడక మొదలుపెడితే పిక్క కండరం బిగిసిన ప్రతిసారీ లోపలి సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలిలో ఆ ఒత్తిడి 30 దరిదాపులకు పడిపోతుంది. కవాటాలు పాడైన కాలిలో అంతగా తగ్గదు, కానీ నిలబడి ఉండటం కంటే నడకే నయం. వ్యాయామం తర్వాత కాసేపు సిరలు తేలి కనిపించినా కంగారు అక్కర్లేదు.

అపోహ: ఎలా నడిచినా ఒకటే.

వాస్తవం: కాదు. చీలమండ పూర్తిగా కదిలితేనే పిక్క పూర్తిగా బిగుస్తుంది. చెప్పులు ఈడ్చుకుంటూ గంట నడిచేకన్నా మడమ ముందు ఆనించి, చివర్లో వేళ్లతో నేలను తోస్తూ అరగంట నడవడం మేలు. చీలమండ పట్టేసినవాళ్లు ముందు దాన్ని సాగదీయాలి. ఆ తర్వాత మడమలెత్తే వ్యాయామం: గోడకు చేతులు ఆనించి నిలబడి, రెండు లెక్కపెట్టేలోపు మడమలు పైకెత్తండి. ఒక క్షణం ఆగండి. మూడు లెక్కపెడుతూ దించండి. 10 నుంచి 15 సార్లు, మధ్యలో ఆగుతూ మూడు విడతలు. చాలామంది దించేటప్పుడు ధబ్బున వదిలేస్తారు, దాంతో సగం పని వృథా.

అపోహ: బరువులు అసలే ఎత్తకూడదు.

వాస్తవం: తేలిక నుంచి మధ్యస్థ బరువులు ఎత్తొచ్చు. తప్పు జరిగేది ఊపిరి దగ్గర. ఊపిరి బిగబడితే పొట్టలో ఒత్తిడి పెరిగి కాళ్ల నుంచి వచ్చే రక్తానికి అడ్డుపడుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. విడతల మధ్య నిలబడిపోకుండా నాలుగడుగులు వేయండి.

అపోహ: వ్యాయామంతో సిరలు మాయమవుతాయి.

వాస్తవం: పాడైన కవాటం బాగుపడదు. తగ్గేది కాళ్లు బరువెక్కినట్టు అనిపించడం, వాపు, నొప్పి.

అపోహ: కాళ్లకు వేసుకునే బిగుతు మేజోళ్లు (కంప్రెషన్ స్టాకింగ్స్) ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: చీలమండ, పిక్క కొలతలు తీసుకుని డాక్టర్ చెప్పిన ఒత్తిడివే కొనాలి. పొద్దున వాపు రాకముందే తొడగాలి. పైఅంచు మడిచారంటే అక్కడ తాడు కట్టినట్టే. కాళ్ల ధమనుల్లో అడ్డంకులున్నవారు, షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవారు సొంతంగా వేసుకోకూడదు.

ఒక్క కాలి పిక్క ఉన్నట్టుండి వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే వ్యాయామమూ వద్దు, మర్దనా వద్దు. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే అంబులెన్స్ పిలవండి. దెబ్బ తగిలి సిర చిట్లితే నిలబడి కడుక్కోకండి. పడుకుని కాలిని గుండె కంటే ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదమండి, మధ్యలో తీసి చూడకుండా. అప్పటికీ ఆగకపోతే అదిమిపట్టే ఆసుపత్రికి వెళ్లాలి.