మీరిచ్చిన పురుగులు చచ్చినవేనండీ!

పూల గ్రీన్‌హౌస్‌లకు మిత్ర పురుగుల్ని, అంటే పంటను పాడుచేసే పురుగుల్ని తినేవాటిని ఇస్తుంటాను. ఈ మాట ఫోనులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వెళ్లి చూస్తే చాలాచోట్ల కారణం ఒకటే. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

అపోహ: ముందు గట్టి మందు కొట్టి పురుగును తగ్గించుకోవాలి, మిగిలినదానికి మిత్ర పురుగుల్ని వదలాలి.

వాస్తవం: పూల గ్రీన్‌హౌస్‌లలో ఎక్కువ నష్టం తెస్తున్నది ఈ ఆలోచనే. సింథటిక్ పైరెథ్రాయిడ్ మందు ఆరిపోయాక కూడా ఆకు మీద, ప్లాస్టిక్ మీద మిగిలే ఉంటుంది. కొన్ని మందుల అవశేషం 8 నుంచి 12 వారాల దాకా మిత్ర పురుగుల్ని చంపుతుంది. బయటి పొలంలో అయితే వాన కొంత కడుగుతుంది, ఇక్కడ అదీ లేదు. ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి చాలాచోట్ల ఈ మందులకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. దాన్ని తినే ఫైటోసియులస్ నల్లి మాత్రం తట్టుకోలేదు. అంటే మనం చంపేది కాపలాదారునే. కొన్నాళ్లకు ఎర్రనల్లి అల్లే సాలెగూడు లాంటి గూళ్లు మరింత పెరుగుతాయి, "బయో (మిత్ర పురుగుల పద్ధతి) పనిచేయదు" అన్న మాట పక్క గ్రీన్‌హౌస్‌కు పాకుతుంది. ఈ పుకారు వింటే నాకు నిజంగా ఓపిక నశిస్తుంది.

"వేరుకు ఇమిడాక్లోప్రిడ్ మందు పోశాం, ఆకు మీద ఏమీ లేదు కదా" అంటారు ఇంకొందరు. తామర పురుగుల్ని తినే ఓరియస్ అనే మిత్ర పురుగు మొక్క రసం కూడా పీలుస్తుంది. వేరు పీల్చుకున్న మందు ఆ రసంలోనే ఉంటుంది.

ఒక చామంతి రైతు మాత్రం "ఒట్టు, ఒక్క చుక్క కొట్టలేదు" అన్నాడు. నేను నమ్మలేదు. తీరా చూస్తే ఆయన కటింగ్స్ (నాటే కొమ్మ ముక్కలు) వేరే నర్సరీ నుంచి వచ్చాయి, పంపేముందు అక్కడే మందు కొట్టారు. ఆయనకు క్షమాపణ చెప్పాను. అప్పటినుంచి నా మొదటి ప్రశ్న: కటింగ్స్ ఎక్కడివి, వాటికి ఏం కొట్టారు? మొక్కల వెంట మంచీ వస్తుంది, చెడూ వస్తుంది. ఫైటోసియులస్ కూడా 1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ల మీద అనుకోకుండా దొరికిందే.

అవశేషం ఉందేమోనని అనుమానముంటే కొన్ని ఆకులు కోసి, గాలి ఆడే చిన్న డబ్బాలో పెట్టి, ఎర్రనల్లితో పాటు కొన్ని మిత్ర నల్లుల్ని వదలండి. అవశేషం లేని ఆకులతో మరో డబ్బా పక్కనే పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో తేడా తెలిసిపోతుంది. పురుగు తగ్గించక తప్పదంటే సబ్బు ద్రావణం గానీ, ఉద్యాన నూనె గానీ వాడండి. అవి తడిగా తగిలినదాన్నే చంపుతాయి, ఆరాక దాదాపు ప్రభావం ఉండదు. ఆకులు పూర్తిగా ఆరాకే మిత్ర పురుగుల్ని వదలండి.

అపోహ: వదిలిన వారంలో పురుగు మాయమవ్వాలి.

వాస్తవం: కుకుమెరిస్ అనే మిత్ర నల్లి తామర పురుగుల్లో అప్పుడే పొదిగిన పిల్లల్నే తింటుంది, పెద్దవాటి జోలికి పోదు. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు పెద్దవి కనబడుతూనే ఉంటాయి. పూలు కోతకొచ్చే వేళ అవి కనబడితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. రేకు మీద ఒక్క మచ్చ ఉన్నా కొనేవాళ్లు వెనక్కి పంపుతారు. అందుకే మొగ్గ రాకముందే, ఆకుల దశలోనే మొదలుపెట్టమంటాను.

అపోహ: తిండి అయిపోతే అవే మొక్కను తింటాయి.

వాస్తవం: మొక్కను పాడుచేయవు. ఓరియస్ కాస్త రసం పీల్చినా మొక్కకు నష్టం ఉండదు. ఎర్రనల్లి అయిపోతే ఫైటోసియులస్ ఆకలితో చస్తుంది, అంతే.

చివరిగా పిండినల్లి గురించి. దాన్ని తినే క్రిప్టోలేమస్ అక్షింతల పురుగు పిల్లకు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులుంటాయి, అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. ఒకచోట పనిచేసే అక్క పొద్దున్నుంచీ కూర్చుని ఒక్కొక్కటే ఏరి నలిపేసింది. మంచి పనే చేస్తున్నాననుకుంది పాపం. ఎవరూ చూపించకపోతే ఆమెకెలా తెలుస్తుంది? చూపించాల్సింది నేను. ఇప్పుడు ఎక్కడికెళ్లినా రెండింటినీ చెరో డబ్బాలో తీసుకెళ్లి, పనివాళ్లందరినీ పిలిచి చూపిస్తాను. ఎదిగిన పిల్ల పిండినల్లి కన్నా బాగా పెద్దది, పోగులు పొడుగ్గా చిందరవందరగా ఉంటాయి, ముట్టుకుంటే గబగబా నడుస్తుంది. అలా నడిచేదాన్ని నలపకండి.